వంతెన మీద ధార

కువైట్,
సెప్టెంబరు 1998.

మా పుష్పక్కకు,

నీ కాళ్ళకు దండం పెట్టి, బావగారిని అడిగానని చెప్పి మొదలుపెడుతున్నాను. నేను బాగున్నాను. బాగున్నానని రాయడం చేతికి అలవాటైపోయింది కాబట్టి ముందు అదే రాసేశాను. నిజం చెప్పాలంటే అలిసిపోయాను అక్కా. ఒంటి అలసటైతే పడుకుంటే పోతుంది. ఇది నేను పడుకుని లేచేసరికి నాకంటే ముందే లేచి మంచం పక్కన కూర్చుని ఉంటోంది.

తాతారావు మాస్టారు గారికి నమస్కారం. ఎప్పటిలాగే మీరే చదివిపెడతారని తెలుసు మాస్టారూ. ఈసారి ఉత్తరం కాస్త పెద్దది. మా అక్కను ఒక్కదాన్నే కూర్చోబెట్టి చదవండి. మా వేణి బడికి వెళ్ళిన వేళ అయితే మేలు. మీ ఎదుట సిగ్గుపడే వయసు నాకు దాటిపోయింది కానీ పిల్ల ఎదుట దాటలేదు.

అక్కా, వేసవి సెలవులకి మేడం వాళ్ళు నన్ను కూడా ఇటలీ తీసుకెళ్ళారని ఫోనులో చెప్పాను కదా. "ఏం చూసేవే?" అని అడిగావు. "చక్రాల కుర్చీ వీపు చూశాను" అన్నాను. నువ్వు పకపకా నవ్వావు, ఈలోగా లైను తెగిపోయింది. మిగతాది చెప్పకుండా ఉండిపోతే బాగుండేదేమో. కానీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మేం వెళ్ళిన ఊరి పేరు ఫ్లోరెన్సు. లోకంలో అందరూ ఆ ఊరి బొమ్మలూ గుళ్ళూ చూడడానికే వస్తారట. అంతర్వేది తీర్థంలో రథం లాగే రోజు ఎలా ఉంటుందో, ఆ ఊరు రోజూ అలాగే ఉంటుంది. మేం ఉన్నది ఒక్క పగలే. ఒక్క పగట్లోనే ఊరంతా చూసెయ్యాలని మేడం పట్టుదల. మేడం, ఆవిడ కూతురు నూరా, ఆవిడ తల్లి ముసలమ్మగారు, నేనూ. అయ్యగారు హోటల్లోనే ఉండిపోయారు, తెలివైనవారు. నూరాకి నాలుగేళ్ళు. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజున నా చేతుల్లోకే తెచ్చారు, ఇప్పటికీ నా చేతుల్లోనే ఉంది. ముసలమ్మగారికి మోకాళ్ళు వంగవు. ఆవిడ కుర్చీ తొయ్యడం నా పని, కుర్చీ మీద కునుకుతూ నాతో కబుర్లు చెప్పడం ఆవిడ పని.

ఆ ఊరి వీధులు రాళ్ళు పరిచిన వీధులు. ఎన్నో వందల ఏళ్ళ నాటి రాళ్ళని గొడుగు పట్టుకుని ముందు నడిచే గైడు గొప్పగా చెప్పాడట. వాణ్ణి ఒక్కసారి ఆ కుర్చీ తొయ్యమంటే ఆ గొప్ప దిగిపోయేది. ప్రతి రాయికీ ఒక కుదుపు. కుదుపు కుదుపుకీ ఆవిడ "యా అల్లా" అంటుంది, నేను "నరసింహస్వామీ" అంటాను. ఇద్దరు దేవుళ్ళూ చెరో పక్కా పట్టి తోస్తేనే గాని ఆ కుర్చీ పెద్ద గుడి దాకా చేరలేదు.

పెద్ద గుడి చూస్తే మెడ నొప్పెట్టింది. పైన ఎర్ర పెంకుల గుమ్మటం ఉంది. మన వంటింటి మీద ఉండేలాంటి పెంకులే అనిపించింది. ఇంత దూరం విమానమెక్కి వచ్చి పెంకులు చూడడమేమిటి అనుకున్నాను కానీ, కింద నిలబడి చూస్తే ఆ పెంకులే మబ్బుల్లోకి పోయాయి. గుమ్మం దగ్గర భుజాలు కనబడే బట్టలు కట్టుకున్న దొరసానుల్ని ఆపేస్తున్నారు. నాకు చున్నీ ఉంది, నెత్తిన కూడా కప్పుకున్నాను. కాపలా ఆయన నన్ను చూసి తల వంచి దారి ఇచ్చాడు. ఈ ఆరేళ్ళలో నన్ను చూసి తల వంచింది ఆయనొక్కడే. లోపల చల్లగా ఉంది. కుర్చీ ఆపి, చెప్పులు విప్పి, ఆ రాతి మీద అరికాళ్ళు ఆనించుకుని నిలబడ్డాను. దేవుడికి ఏమీ మొక్కుకోలేదు. కాళ్ళకు హాయిగా ఉందని మాత్రం చెప్పుకున్నాను.

తరవాత ఇంకోచోట నిలువెత్తు మగవాడి పాలరాతి బొమ్మ చూపించారు. నిలువెత్తంటే మన ఎత్తు కాదు, కొబ్బరిచెట్టుకి సగం ఎత్తు. ఒంటి మీద నూలుపోగు లేదు. మేడం నూరా కళ్ళు మూసింది. ముసలమ్మగారు తన కళ్ళు తనే మూసుకుని, వేళ్ళ సందుల్లోంచి చూస్తూ "ఎవరే ఈ అబ్బాయి?" అని నన్ను అరబ్బీలో అడిగింది. "బట్టలు ఉతకడానికి వేసి ఆరేదాకా నిలబడినట్టున్నాడమ్మా" అన్నాను. ఆవిడకి నవ్వొచ్చి, నవ్వు దగ్గులోకి దిగి, నీళ్ళు తాగించాల్సి వచ్చింది. ఆ రోజు నేను నవ్వింది అక్కడొక్కచోటే. ఇది రాయడం ఎందుకంటే, ఏడుపు ఉత్తరమని నువ్వు అనుకోకూడదని.

మధ్యాహ్నం బొమ్మల మేడకి తీసుకెళ్ళారు. ఎండలో నిలబడి నిలబడి లోపలికి వెళ్ళేసరికి నా నడుము నాది కాదు. గది తరవాత గది. ఏ గదిలో చూసినా మరియమ్మ తల్లీ, ఒళ్ళో బిడ్డా. మన ఎదురింటి మరియమ్మగారి గోడ మీద కేలండరు ఉంటుంది కదా, అలాంటివే. కానీ అక్కడ ఒక్కో బొమ్మలో ఒక్కో తల్లి. ఒకావిడ రాణిలా కూర్చుంది. ఒకావిడ పదహారేళ్ళ పిల్ల. ఒక బొమ్మలో మాత్రం తల్లి ఎంత అలిసిపోయి ఉందంటే, ఒళ్ళో బిడ్డ జారిపోతుందేమోనని నేను చెయ్యి అడ్డం పెట్టబోయాను. కాపలా అమ్మాయి కేకేసింది. మేడం నా వంక చురచురా చూసింది.

అప్పుడే నూరా పడింది. నున్నటి నేల మీద పరుగెత్తి బల్ల అంచుకి కొట్టుకుంది. కింది పెదవి చిట్లి నెత్తురు. మేడం రెండడుగుల దూరంలో ఉంది. ఆవిడ చటుక్కున మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపింది. ఆ పిల్ల వాళ్ళమ్మ చేతులు చూసింది అక్కా. చూసి, వాటి పక్కనుంచి తప్పుకుని, "సువర్ణా" అని ఏడుస్తూ వచ్చి నా కాళ్ళు చుట్టేసింది. నేను ఎత్తుకున్నాను. ఎత్తుకోక ఏం చేస్తాను? మేడం చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి. తరవాత లేచి, తలమీది గుడ్డ సర్దుకుని, గోడమీది బొమ్మ వైపు తిరిగి చూడడం మొదలుపెట్టింది. ఆ బొమ్మలో ఏముందో ఆవిడకి ఒక్క ముక్క కనబడి ఉండదు. నాకు తెలుసు. అలా నేనూ ఒకసారి గోడకేసి చూస్తూ పడుకున్నాను.

మాస్టారూ, ఇక్కడ కాస్త మెల్లగా చదవండి.

అక్కా, కిందటిసారి సెలవుకి వచ్చాను కదా, తుఫానుకి మన చెట్ల తలలు విరిగి మొండిగా నిలబడ్డ రోజులు. ఒక పొద్దున్న వేణి కాలవగట్టు మీద సైకిలు నేర్చుకుంటూ పడింది. నువ్వు కొబ్బరిపీచు కొడుతూ ఉన్నావు. నేను గుమ్మంలో ఉన్నాను. "అమ్మా" అని అరిచింది. ఆ పిలుపు కోసమే కువైట్‌లో ఒక్కో రోజూ గెంటుకొచ్చిన దాన్ని, చెప్పుల్లేకుండా పరుగెత్తాను. దగ్గరికి వెళ్ళి చేతులు చాపాను. మోకాలు పట్టుకుని, నా మొహంలోకి చూసి, "నువ్వు కాదు, అమ్మ" అంది. కోపంగా అనలేదు. దారి తప్పి వచ్చినవాళ్ళకి దారి చెప్పినట్టు అంది. ఈలోగా నువ్వు పీచు చేతులతోనే వచ్చి ఎత్తుకున్నావు. పిల్ల నీ మెడలో మొహం పెట్టుకుంది.

ఆ రోజు తలనొప్పి అని చెప్పి సాయంత్రం దాకా పడుకున్నాను. నువ్వు నా నుదుటికి అమృతాంజనం రాశావు. కళ్ళలో నీళ్ళు ఆ మంటకే అనుకున్నావు. నేనూ అదే అన్నాను. ఆ తరవాత విమానమెక్కేదాకా ఆ మాట నీకు చెప్పలేదు. నీ మీద కోపం రాకూడదని ఎంత గట్టిగా అనుకున్నానో నీకు తెలియదు. ఎందుకు రావాలి? మా ఆయన చనిపోయిన ఏడాదే మూడేళ్ళ పిల్లని నీ ఒళ్ళో పెట్టి వచ్చినదాన్ని నేను. జ్వరాలు నువ్వు చూశావు, జడలు నువ్వు వేశావు. నేను పంపింది బొమ్మలూ గౌన్లూ. గౌను పంపితే తల్లి అయిపోతారా? కానీ కోపం వచ్చింది. వచ్చి, వచ్చినందుకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఆ రెంటి మధ్యా నలిగాను.

సరే, బొమ్మల మేడ నుంచి బయటపడి ఏటి దగ్గరికి వచ్చాం. ఆ ఏటి మీద ఒక పాత వంతెన, వంతెనకి రెండు పక్కలా బంగారం కొట్లు. వంతెన మీద కొట్లు పెట్టుకున్నవాళ్ళని నేనెక్కడా చూడలేదు. మేడం నూరా చెయ్యి పట్టుకుని ఒక కొట్లోకి వెళ్ళింది. ఈసారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. మమ్మల్ని వంతెన నడిమధ్య కొట్లు లేని ఖాళీలో ఆగమంది. అక్కడ నిలబడితే ఏరు కనబడుతుంది. పెద్ద ఏరేమీ కాదు. మన గోదావరి పాయ ముందు పంట కాలవే. నీళ్ళు పచ్చగా, బద్ధకంగా పోతున్నాయి.

నాకు అమ్మ గుర్తొచ్చింది. అమ్మ కాశీ బస్సులో వెళ్ళొచ్చిన సంగతి నీకు గుర్తుందా? కాశీ వెళ్తే ఇష్టమైన కాయో పండో గంగలో వదిలెయ్యాలి కదా. బస్సులో వాళ్ళందరూ తెలివిగా కాకరకాయ వదిలి వస్తే, మన అమ్మ పనసపండు వదిలి వచ్చింది. మళ్ళీ చచ్చేదాకా పనసతొన నోట పెట్టలేదు. మనం తింటుంటే పక్కన కూర్చుని వాసన చూసి సంతోషించేది. "ఇష్టం లేంది వదిలితే గంగమ్మ నవ్వుద్దే" అనేది.

నేను అసలు కాశీకి ఎప్పుడు వెళ్తాను కనుక? అన్ని గుళ్ళు, అంత జనం, ఒక ఏరు, మళ్ళీ ఈ జన్మలో రాని ఊరు. నాకు రాసిపెట్టిన కాశీ ఇదే అనిపించింది. పిచ్చి అనుకో, ఎండదెబ్బ అనుకో. నా దగ్గర నాకు ఇష్టమైనది ఏముంది అని చూసుకుంటే ఒక్కటే ఉంది. వేణి నోట "అమ్మ" అనిపించుకోవడం. అది కూడా నా దగ్గర లేదు, ఉందనుకుంటున్నానంతే. దాని కోసమే లేస్తున్నాను, దాని కోసమే తోస్తున్నాను, దాని కోసమే అలిసిపోతున్నాను. వదిలేస్తే తేలికవుతానేమో అనిపించింది.

ముసలమ్మగారి నీళ్ళ సీసా నా చేతిలో ఉంది. మూత తీసి కుడి అరచేతిలో పోసుకున్నాను. అమ్మానాన్నా మనకి పెళ్ళిలో ధార పోశారు చూడు, అలాగే వేళ్ళ మీదుగా ఏటిలోకి వదిలాను. "నా కూతురు సత్యవేణిని మా అక్క పుష్పలతకి ఇచ్చేశాను" అని పైకే అన్నాను. తెలుగు తెలిసినవాడు అక్కడెవడున్నాడు? కింద నుంచి ఒక్కటే కేకలు. వంగి చూస్తే, సన్నటి పడవలో తెడ్లు వేసుకుంటూ పోతున్న కుర్రాళ్ళ నెత్తిన పడ్డాయి నా నీళ్ళు. వాళ్ళు చేతులూపి ఏదో తిట్టారు. వంతెన మీద ఒక దొర నాకు వేలు చూపించి బుద్ధి చెప్పాడు. నేను ఏడుస్తూ దండాలు పెట్టాను. ముసలమ్మగారు "ఏం చేశావే?" అంది. "ఇచ్చేశానమ్మా" అన్నాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని కూర్చుంది.

అందుకని అక్కా, విను. మేడం నేను ఇక్కడ ఇంకా ఉండడానికి మళ్ళీ అకామా కొట్టించమంటావా అని అడిగింది, సరేనన్నాను. ఈసారి సెలవుకి రాను. వేణికి బడిలో తల్లి పేరు నీది రాయించు. పెద్దమనిషి అయిన రోజున పేరంటం నీ చేతుల మీదే జరగాలి, పీట పక్కన నువ్వూ బావగారే కూర్చోండి. నన్ను పిన్ని అనమను. కువైట్ పిన్ని అంటే ఇంకా బాగుంటుంది, ముద్దుగా ఉంటుంది. నేను పంపేది పంపుతూనే ఉంటాను. నీ మీద నాకేమీ లేదు. నీ మెడలో మొహం పెట్టుకున్నప్పుడు ఆ పిల్ల మొహం ఎంత నెమ్మదిగా ఉందో నేను చూశాను. అంత నెమ్మది నేను ఇవ్వలేను.

జాగ్రత్తగా ఉండు. నడుముకి బెల్టు కట్టుకో.

నీ చెల్లి,
వేణికి పిన్ని,
సువర్ణ.

శివకోడు,
అక్టోబరు 1998.

కువైట్‌లో ఉన్న అమ్మకు,

సత్యవేణి రాస్తున్నాను. నేను ఇంట్లో పుష్ప పెద్దమ్మని కూడా అమ్మ అనే అంటాను కాబట్టి నీకు తికమక లేకుండా ఈ ఉత్తరంలో పెద్దమ్మ అని రాస్తాను. పెద్దమ్మ చెప్తుంటే నేను రాస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయాలట, ఒక్క ముక్క మార్చినా ఊరుకోదట. పెద్దమ్మకి చదవడం రాదు కానీ మళ్ళీ చదివించుకుంటుంది. ఇక్కణ్ణుంచి పెద్దమ్మ.

ఏమే సువర్ణా, నీకు బుర్ర గాని తిరిగిందేంటే? ధార పోసేనని రాసేవు. ధారంటే ఏంటో తెల్సా నీకు? పోసేవోళ్ళొకళ్ళుంటే సరిపోద్దా? కింద పుచ్చుకునేవోళ్ళ చెయ్యుండాలి. నా పెళ్ళిలో అమ్మా నాన్నా పోసినప్పుడు మీ బావగారి చెయ్యుంది. నీ పెళ్ళిలో పాపం ఆయన చెయ్యుంది. నువ్వు పోసిన ధార కింద ఎవరి చెయ్యుందే? పడవోళ్ళ నెత్తుంది. ఆళ్ళేవన్నా పుచ్చుకున్నారేమో కనుక్కుని రాయి, పిల్లని ఆళ్ళింటికే పంపిస్తాను.

నేను పుచ్చుకోలేదు. ఇన్నావా? పుచ్చుకోని దానం దానం కాదు. ఎవర్నన్నా అడుగు. పంతులు గారిని అడుగు, మీ ముసలమ్మని అడుగు. ఇచ్చేను ఇచ్చేను అని నీకు నువ్వు అనేసుకుంటే అయిపోయిందా? నన్నొక్క మాట అడిగేవా?

ఇక్కడ పెద్దమ్మ ఏడ్చింది. ఏడ్చానని రాయొద్దంది. చెప్పింది చెప్పినట్టు రాయమంది కదా, అందుకని రాశాను. మళ్ళీ పెద్దమ్మ.

నువ్వొక్కదానివే అలిసిపోయేవనుకున్నావా? నేనూ అలిసిపోయేనే. పిల్ల బరువని కాదు. దానికి జ్వరమొస్తే నాకు రెండు భయాలు. దానికేవవుద్దో అని ఒకటి, నీకేం చెప్పాలో అని ఒకటి. నువ్వొస్తావు, నీ చేతుల్లో పెడతాను, అప్పుడు ఒక భయం దిగిపోద్ది, ఇద్దరం కలిసి ఒకే భయం పడొచ్చు అనుకుని ఇన్నేళ్ళు ఎత్తుకున్నాను. రానన్నవాళ్ళ పిల్లని ఎత్తుకోడం నాకు చేతకాదు. పిల్లొద్దనట్లేదు. పిల్లా కావాలి, నువ్వూ కావాలి. నాకున్న చెల్లివి నువ్వొక్కదానివేనే. పిల్లనిచ్చేసి చెల్లిని పట్టుకుపోతానంటే ఆ బేరం నాకొద్దు.

ఆ రోజు తలనొప్పన్నావు. నాకు తెల్సే అది తలనొప్పి కాదని. నువ్వు చెప్తావని చూసేను. చెప్పలేదు. చెప్పుంటే ఆవేళే ఇద్దరం కూర్చుని ఏడ్చేసుండేవాళ్ళం, ఇటలీ దాకా మోసుకెళ్ళే పనుండేది కాదు.

అలిసిపోయినోళ్ళు తీర్మానాలు చెయ్యకూడదే. పడుకోవాలి. ఆ అకామానో ఏదో కొట్టించకుండా ఒచ్చెయ్యి. ఒచ్చి పడుకో. ఎన్నాళ్ళు పడుకుంటావో పడుకో, నేను లేపను. లేచేక పని ఉంది. పీచు తాడు పేనాలంటే రాట్నం తిప్పే మనిషి దొరకట్లేదు. అక్కడ కుర్చీ తోసే చేతులు ఇక్కడ రాట్నం తిప్పలేవా?

అరుగు మీంచి పెదనాన్న గారు కూడా "ఆయ్, అదే రాయమ్మా, అదే రాయి. మరదలు గారిని ఒచ్చెయ్యమన్నానని రాయి" అన్నారు.

పెద్దమ్మ చెప్పింది అయిపోయింది. పీచు తడపడానికి వెళ్ళింది. ఇప్పుడు నేను.

మాస్టారు గారు లేరు. వాళ్ళ అమ్మాయి పురిటికి రాజమండ్రి వెళ్ళారు. ఉత్తరం వచ్చి చాలా రోజులు పెద్దమ్మ పోపుల డబ్బాలో దాచుకుంది. రోజూ తీసి చూసుకునేది. ఆగలేక ఒక రోజు నన్నే చదవమంది. బడిలో ఉన్నప్పుడు చదవండి అని ఉన్న దగ్గర నేను ఆపేశాను. పెద్దమ్మ కాసేపు ఆలోచించి, మీ అమ్మ ఏదో బాధ పడుతోంది, చదివెయ్ అంది. అందుకని చదివాను. మెల్లగా చదవండి అని రాసిన దగ్గర మెల్లగానే చదివాను.

సైకిలు మీంచి పడడం నాకు గుర్తుంది. మోకాలి మీద మచ్చ ఉంది. కానీ నువ్వు కాదు అన్నానని గుర్తు లేదు. చాలా ఆలోచించాను. రాలేదు. అన్నానేమో. నువ్వు అబద్ధం రాయవు కదా.

నాకు కోపంగా ఉంది. మా క్లాసులో ఎవరి పెన్సిలైనా ఇంకొకళ్ళకి ఇవ్వాలంటే ఆ పెన్సిలు ఎవరిదో వాళ్ళని అడగాలి. నేను పెన్సిలు కాదు, అయినా అడగాలి. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. పోస్టుకి టైమైపోతోందని రాసేస్తున్నాను.

నూరాకి పెదవి తగ్గిందా?

సత్యవేణి,
ఐదో తరగతి.

కువైట్,
నవంబరు 1998.

వేణీ, నా తల్లీ,

ఈ ఉత్తరం నీకే. పెద్దమ్మకి చదివి వినిపించు, కానీ రాసింది నీకు.

నూరా పెదవి తగ్గిపోయింది. నీ ఉత్తరంలో నేను ముందు చదివిన మాట అదే. కాగితం మడత విప్పగానే చివర ఉన్న ఆ మాట కనబడింది. వంటింట్లో నేల మీదే కూర్చుని మిగతాది చదివాను. నీ మీద నీళ్ళు వదిలేసిన మనిషి ఎవరి పిల్లని ఎత్తుకుందో, ఆ పిల్ల బాగుందా అని నువ్వు అడిగావు. నిన్ను ఇలా పెంచినందుకు మీ పెద్దమ్మ కాళ్ళు పట్టుకోవాలి. పట్టుకుంటే తంతుంది, అది వేరే సంగతి.

నీకు కోపం రావడం న్యాయమే. తగ్గించుకోమని అడగను. ఉన్నన్నాళ్ళు ఉండనీ. నువ్వు ఆ మాట అన్నావో లేదో గుర్తు లేదన్నావు. నేను దాన్ని రెండేళ్ళ నుంచి గుండెల మీద పెట్టుకుని పడుకుంటున్నాను. అన్నదానికి గుర్తే లేని మాటని నేను అంత భద్రంగా ఎందుకు దాచుకున్నానో నాకే తెలియలేదు. చదివి నవ్వుకున్నాను, తరవాత ఏడ్చాను. ఆ రాత్రి చాలా రోజుల తరవాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

మేడంతో చెప్పాను. అకామా వద్దు, డిసెంబరులో వెళ్ళిపోతానన్నాను. ముందు కోప్పడింది. ఇప్పటికిప్పుడు మనిషిని ఎక్కడ తెచ్చుకోమంటావు అంది. సాయంత్రం మళ్ళీ తనే వంటింట్లోకి వచ్చి నిలబడింది. నూరా నిద్రపోయేటప్పుడు ఏం పాడతావు అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను అడిగి తెలుసుకున్నది అదొక్కటే. నేర్పుతున్నాను. తెలుగు ఆవిడకి నోరు తిరగడం లేదు. నూరా పక్కన పడుకుని తప్పులు దిద్దుతోంది. దానికి ఇంకా చెప్పలేదు నేను వెళ్ళిపోతానని. అడగకుండా, చెప్పకుండా చేసే పనులు ఎలా ఉంటాయో నీ దగ్గర నేర్చుకున్నాను కాబట్టి రేపు చెబుతాను. ఏడుస్తుంది. ఏడుపు అయ్యేదాకా దగ్గరే ఉంటాను.

నీ పెన్సిలు మాట బాగుంది. అందుకని అడుగుతున్నాను. వేణీ, నేను ఇంటికి వచ్చెయ్యనా? నువ్వు వద్దన్నా వస్తాను, అది కూడా ముందే చెప్పేస్తున్నాను. అయినా అడగాలి కదా, అడిగాను.

వచ్చాక నన్ను ఏమని పిలవాలో నేను చెప్పను. ఇంట్లో మేం ఇద్దరం ఉంటాం. నువ్వు ఎప్పుడైనా దెబ్బ తగిలి "అమ్మా" అని అరిస్తే ఇద్దరం పరుగెత్తుకొస్తాం. నీకు పెద్దమ్మే కావాలనిపించి నన్ను చూసి "నువ్వు కాదు" అన్నావనుకో, నాకు నొప్పేస్తుంది. వెయ్యదని అబద్ధం రాయను. కానీ తలనొప్పి అని లోపలికి వెళ్ళి పడుకోను. మీ పెద్దమ్మ నిన్ను ఎత్తుకుంటే, పక్కన ఆ మట్టిలోనే కూర్చుని నీ మోకాలు కడుగుతాను.

మీ అమ్మ,
సువర్ణ.